మన బడి వీధి: అడుగుకి అర అంగుళం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇరవై నిమిషాలిచ్చారు. ఇంజనీరు మైకు పట్టుకుంటే సగం మంది కాఫీకి లేస్తారని తెలుసు కాబట్టి బ్రిడ్జిల ఊసెత్తను. లైబ్రరీ గదిలో బల్ల మీదున్న చిన్న వీధి గురించి మాత్రం చెబుతాను. పొద్దుటి నుంచి చాలామంది చూసి వచ్చారు. ‘ఎలా చేశావు?’ అన్నారు కొందరు, ‘ఎంతయింది?’ అన్నారు కొందరు. ‘మా ఇల్లేదీ?’ అని నిలదీసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను: బడి గేటు దగ్గర్నుంచి మూల మీది కిళ్ళీకొట్టు దాకా 160 అడుగులే చేశాను. మీ ఇల్లు అందులో పట్టలేదంటే తప్పు నాది కాదు, తలుపుది.

తలుపని ఎందుకన్నానంటే, ఆ వీధి కిందున్నది నిజంగానే తలుపు. మా ఇంట్లో విప్పి పక్కన పెట్టిన పాత ఫ్లష్ తలుపు. పొడుగు 7 అడుగులు, వెడల్పు కోసి రెండున్నర అడుగులు చేశాను. దాని మీద పట్టడానికి అడుగుకి అర అంగుళం లెక్క కుదిరింది. అంటే అసలులో 24వ వంతు. 160 అడుగుల వీధి 80 అంగుళాలు, అయిదున్నర అడుగుల మనిషి రెండు ముప్పావు అంగుళాలు. మన వీధి కట్టిన మేస్త్రీలందరూ అడుగులూ అంగుళాల్లోనే కట్టారు కాబట్టి మీటర్ల జోలికి పోనక్కర్లేకపోయింది.

రైలు బొమ్మలు చేసేవాళ్ళు ఎక్కువగా 87వ వంతు కొలత వాడతారు. జర్మనీలో హాంబర్గ్ ఊళ్ళో 2001లో మొదలైన మినియేటర్ వుండర్‌లాండ్ అనే ప్రదర్శన ఆ కొలతలోనే ఉంది. ఆ లెక్కన మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. ఊళ్ళకి ఊళ్ళే చూపించాలంటే అది బాగుంటుంది. నాకు ఊరంతా అక్కర్లేదు, టీ గ్లాసు కనబడితే చాలు. మూడున్నర అంగుళాల గాజు గ్లాసు నా లెక్కలో నాలుగు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. కంటికి ఆనుతుంది. ఆ గ్లాసు సంగతి తర్వాత చెబుతాను.

ఇది నాకెక్కడో విదేశాల్లో అంటుకున్న పిచ్చి అని మా ఆవిడ అభిప్రాయం. కాదు. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. మీలో చాలామంది ఇళ్ళలోనూ పెట్టే ఉంటారు. కింది మెట్టు పక్కన ఇసక పోసి ఊరు కట్టేవాళ్ళం. మెంతులు మొలకెత్తించి పొలం, ముఖం చూసుకునే అద్దం పడుకోబెట్టి చెరువు, అగ్గిపెట్టెలతో ఇళ్ళు, తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు ఆ ఇళ్ళ ముందు. బావి దగ్గర ఆడమనిషికన్నా పక్కనున్న కోడి పెద్దగా ఉండేది. దాని వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అయితే ఆ ఊరు ఎప్పుడూ పండగ పూట ఊరే. గోడలు కొత్తవి, బట్టలు కొత్తవి. నేను చేయాలనుకున్నది ఉత్త పనిదినం నాటి వీధి, మనం హోంవర్కు చెయ్యకుండా బిక్కుబిక్కుమంటూ నడిచొచ్చిన వీధి.

మొదటి చిక్కు కొలతలతో రాలేదు, మనుషులతో వచ్చింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు పక్కలా కొట్లన్నీ పోయాయని మీకు తెలుసు. ఇప్పుడక్కడ నిలబడి కొలవడానికి ఏమీ లేదు. ఫోన్లు చేసి అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్క వీధి చెప్పారు. 1976 బ్యాచి అక్కయ్య ఇస్త్రీ బండి వేపచెట్టు కింద ఉండేదన్నారు. 1991 బ్యాచి తమ్ముడు అక్కడ ఎస్టీడీ బూత్ ఉందన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకని ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకున్నాను. 1984 జనవరి, సంక్రాంతి సెలవులివ్వడానికి ముందు ఒక సాయంత్రం, నాలుగున్నర, ఆఖరి గంట కొట్టిన మరుక్షణం. మా బ్యాచి పదో తరగతిలో ఉన్న ఏడాది అది. స్వార్థమే అనుకోండి, తలుపు కూడా నాదే కదా.

రోజు తేలాక సగం ప్రశ్నలకి జవాబులు వాటంతటవే వచ్చాయి. గోడ మీద ఏ సినిమా పోస్టరు? ‘ఖైదీ’ 1983 అక్టోబరు 28న విడుదలయింది, కాబట్టి అది ఉండాలి. దాని కింద అదే ఏడాది జూన్‌లో వచ్చిన ‘సాగర సంగమం’ చిరిగిన అంచులు కనబడాలి. 1983 జనవరి ఎన్నికల గోడరాతలు ఏడాది ఎండకీ వానకీ వెలిసి, ఎర్ర రంగు గులాబీ రంగులోకి దిగాలి. జనవరి కాబట్టి గేటు దగ్గర రేగిపళ్ళుంటాయి, మామిడికాయ ముక్కలుండవు. సాయంత్రం నాలుగున్నరకి పొద్దు నైరుతిలో బాగా కిందికి దిగి ఉంటుంది, మనిషి నీడ మనిషికి మూడింతలు పడుతుంది. లైబ్రరీలో ఆ మూల నుంచి అంత కిందగా దీపం ఎందుకు పెట్టానని మన కరెంటు పనులు చూసిన తమ్ముడు విసుక్కున్నాడు. ఇదీ కారణం.

కొలతలు ఫోటోల్లోంచి లాగాను. గేటు ముందు తీసిన మా గ్రూపు ఫోటో ఒకటి, ఒకరి పెళ్ళి ఊరేగింపు ఆల్బం, సైన్సు ఫెయిర్ నాటి రెండు ఫోటోలు. ఫోటోలో కొలత తెలిసిన వస్తువు ఒక్కటి దొరికితే చాలు. పాత సైకిలు చక్రం 28 అంగుళాలు. ఇటుక 9 అంగుళాల పొడుగు, నాలుగున్నర వెడల్పు, 3 మందం, మధ్యలో అర అంగుళం సున్నం. కాంపౌండు గోడలో పెచ్చులూడిన చోట వరసలు లెక్కపెడితే 20 వచ్చాయి. వరసకి మూడున్నర చొప్పున 70 అంగుళాలు, అంటే 5 అడుగుల 10. ఆ గోడ అంతకంటే చాలా ఎత్తని దూకిన వాళ్ళందరూ వాదించారు. చిన్నప్పుడు దూకారు కాబట్టి అలా అనిపించింది.

కట్టడం పెద్ద పనేం కాదు. సన్‌బోర్డు, ఐస్‌క్రీం పుల్లలు, కొబ్బరి ఈనెలు, ఫెవికాల్. రేకుల కప్పుకి స్వీటు షాపు వాళ్ళిచ్చే అల్యూమినియం డబ్బా కోసి వెడల్పు పళ్ళ దువ్వెన మీద పెట్టి నొక్కితే రేకు మడతలు అచ్చంగా వస్తాయి. మూడు నెలల్లో వీధి నిలబడింది. నిలబడ్డ వీధిని చూసి మా అబ్బాయి, ‘నాన్నా, రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోచర్‌లా ఉంది’ అన్నాడు. నిజమే. కొలతలన్నీ సరిపోయాయి గానీ అందులో ఎవరూ బతికినట్టు లేదు. తర్వాత పదకొండు నెలలు నేను చేసింది దాన్ని మాపడమే.

మాపడమంటే బ్రష్షుతో నల్ల రంగు కొట్టడం కాదు. నేను తెలుసుకున్నదేమిటంటే, మురికికి ఎత్తు ఉంటుంది. ప్రతి మరకా అది చేసినవాళ్ళు ఎంత ఎత్తున్నారో చెబుతుంది. వాన చినుకు నేల మీద పడి ఎగిరే బురద గోడ మీద ఒక అడుగు దాకా వస్తుంది, ఆ పైన రాదు. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి పాకి రెండు మూడడుగుల దాకా ఎక్కి, ఆరేటప్పుడు ఉప్పు మిగిలి పెచ్చులూడదీస్తుంది. కాబట్టి పాతగోడలో ఇటుకలు కనబడాల్సింది కింద. నడిమధ్య రెండు ఇటుకలు అందంగా చూపిస్తే అది సినిమా సెట్టు గోడ. తుప్పు చార కిటికీ ఊచ దిగువ నుంచీ, మేకు కింద నుంచీ మొదలవ్వాలి, నీళ్ళు అక్కణ్ణుంచే జారతాయి కనక.

ఇవి ప్రకృతి చేసినవి. మనుషులు చేసినవి ఇంకా బాగుంటాయి. టీ హోటలు బయట బెంచీ ఉంది. బెంచీ మీద కూర్చుని గోడకి ఆనితే తల నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తున గోడ మీద వరసగా తలనూనె మరకలు, ఎక్కువమంది కూర్చునే చోట ముదురుగా, చివర్లలో లేతగా. బెంచీ లేని చోట మనుషులు నిలబడి ఒక కాలు వెనక్కి మడిచి గోడకి ఆనిస్తారు. అక్కడ మోకాలి కన్నా కిందగా పాదం అచ్చులు. కిళ్ళీకొట్టు గుంజకి సున్నం వేళ్ళ గీతలు, మిగిలిన సున్నం అక్కడే కదా తుడిచేది. సినిమా పోస్టర్లు మైదా జిగురుతో అంటిస్తారు, ఆవులకి ఆ జిగురంటే ఇష్టం. అందుకని ప్రతి పోస్టరూ ఆవు నోరు అందేంత ఎత్తు దాకా చిరిగి ఉంటుంది, పైన హీరో తల క్షేమం. మన గేటుకి నీలం రంగు వేసేవారు గుర్తుందా? గడియ దగ్గర రంగు పోయింది, అందరి చేతులూ పడే చోటు. కింది నుంచి రెండో అడ్డపట్టీ మీద కూడా రంగు పోయింది. ఎందుకో ఆరో తరగతిలో గేటు మీద ఎక్కి ఊగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. డ్రిల్లు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి ఎవరెవరో నేను చెప్పను.

ఒకటి రెండు పనివాడి మాటలు. పిల్లల్లో ఎవరైనా ఇలాంటిది చేద్దామనుకుంటే పనికొస్తాయి. వస్తువు చిన్నదయితే దాని రంగూ పలచనవ్వాలి. అసలు గోడకి వేసిన నీలమే బొమ్మ గోడకి వేస్తే కొట్టొచ్చినట్టుంటుంది. దూరం నుంచి చూసే వస్తువు మీద గాలి, దుమ్ము కప్పి లేతగా కనబడుతుంది, బొమ్మని మనం ఆ దూరం నుంచి చూస్తున్నట్టే కదా. కాబట్టి ప్రతి రంగులో కాస్త తెలుపు కలపాలి. నలుపు అసలు వాడొద్దు, ముదురు బూడిద రంగు చాలు.

రెండోది, బరువు. ఏ వస్తువయినా 24వ వంతుకి తగ్గిస్తే దాని బరువు 24వ వంతుకి తగ్గదు. పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు 13,824వ వంతుకి పడిపోతుంది. అందుకే కరెంటు తీగ కోసం దారం కడితే అది వేలాడదు, కర్రలా నిలబడుతుంది. ఆరేసిన పంచె గుడ్డతో చేస్తే అప్పడంలా ఉంటుంది. నేను తీగల వంపు కాగితం మీద గీసి, పాత హెడ్‌ఫోను వైరు లోపలి రాగిపోగుని దాని మీద పెట్టి వంచి స్తంభాలకి కట్టాను. స్తంభం 8 మీటర్లది, అందులో ఆరో వంతు నేలలో పోతుంది. పంచె, టీ హోటలు తువ్వాలు, మూడో ఇంటి డాబా మీద ఆరేసిన చీర, ఇవన్నీ టిష్యూ కాగితం, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచి తడిగా ఉన్నప్పుడే చేత్తో జారవేసినవి. ఇసకా అంతే. అర మిల్లీమీటరు రేణువు ఆ వీధిలో పన్నెండు మిల్లీమీటర్ల కంకర అయిపోతుంది. అందుకని మన ఆటస్థలం మట్టే తెచ్చి, పలచటి గుడ్డలో జల్లించి, గుడ్డలోంచి దిగిన పొడి మాత్రమే చల్లాను. ఆ వీధిలో మిగతావన్నీ బొమ్మలు గానీ దుమ్ము మాత్రం అసలుదే.

సోడా బండి చూసే ఉంటారు. గోలీసోడా సీసా ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన 1870లలో పేటెంటు తీసుకున్న తయారీ. మనకి మాత్రం అది ఆ తాత సొత్తే. సీసా నా కొలతలో 9 మిల్లీమీటర్ల చిల్లర, ఆకుపచ్చ కూల్‌డ్రింకు సీసా ప్లాస్టిక్కుని వేడి చేసి సాగదీసి కోశాను. లోపలి గోలీకి ముప్పావు మిల్లీమీటరు కావాలి. ఆవగింజ పెద్దదయింది. చివరికి గసగసాల గింజ సరిపోయింది. మొత్తం 18 సీసాలు, 18 గసగసాలు. సైకిలు షాపు దగ్గర చక్రాల ఊచలు ముందు 32, వెనక 40. మందం ఆ కొలతలో తలవెంట్రుకంత. వాటికి ఏం వాడానని అడక్కండి, మా ఇంట్లో పొడుగు జుట్టు ఒకరికే ఉంది.

మనుషుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. 31 మంది ఉన్నారు వీధిలో. ముఖాలు చెయ్యలేదు. రెండు ముప్పావు అంగుళాల మనిషికి కళ్ళూ ముక్కూ పెడితే దిష్టిబొమ్మ అవుతుంది. పైగా దూరం నుంచి మనం ఎవర్నీ ముఖం చూసి గుర్తుపట్టం, నడక చూసి గుర్తుపడతాం. సైకిలు తొక్కకుండా పక్కన నడిపించుకుంటూ, ఎడం చేత్తో పుస్తకాలు చంకలో ఇరికించుకుని వెళుతున్న పంచెకట్టు ఎవరిదో పొద్దున చూసిన ప్రతివాళ్ళూ చెప్పేశారు. లెక్కల మాస్టారి అమ్మాయి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

గేటు పక్కన రేగిపళ్ళ మామ్మ దగ్గర మాత్రం దారి దొరకలేదు. మనందరం ఆమె దగ్గర కొన్నాం. ఉప్పూ కారం కలిపిన పొట్లం ఆమె విసిరితే పట్టుకున్నాం. 17 మందిని అడిగాను. గోనెసంచి మీద కూర్చునేదన్నారు, కొలత డబ్బా అడుగు లోపలికి నొక్కేసి ఉండేదన్నారు (దాని గురించి అందరికీ బాగా గుర్తుంది!), చిల్లర నడుము సంచిలో వేసుకునేదన్నారు. కూర్చున్న తీరు ఎవరికీ తెలియదు. పేరు అంతకన్నా తెలియదు. ఒక్క ఫోటోలోనూ ఆమె లేదు. వార్షికోత్సవం నాడు తీసిన ఒక ఫోటోలో ఆమె తట్ట అంచు, ఒక చెయ్యి ఉన్నాయి. ఫోటోగ్రాఫరు ఆమెని తప్పించి తీశాడు.

ఆమె మనవరాలు మన బళ్ళోనే చదివింది, మాకన్నా నాలుగేళ్ళు చిన్న. ఇప్పుడు పక్క జిల్లాలో నర్సు. ఫోను చేసి అడిగితే ఆలోచించకుండా చెప్పింది. ‘మా మామ్మ ఎడం కాలు మడవలేకపోయేదండీ, అన్నయ్యగారూ. ఆ కాలు ముందుకి చాపి, కుడి మోకాలు పైకి పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చునేది. చాపిన కాలు ఎవరైనా తొక్కుతారని పక్కన చెప్పులు అడ్డం పెట్టుకునేది.’ ఆ రాత్రే చేశాను. కాలు చాపగానే ఆమె వచ్చేసింది. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే అరగంటలో 40 మెసేజీలు. పేరు కూడా మనవరాలే చెప్పింది. ఆ బొమ్మ ముందు రోడ్డు అంచున చిన్న అక్షరాల్లో రాశాను. నేనిక్కడ మైకులో చెప్పను. వంగి చదవాలి.

ఇప్పుడు గ్లాసు సంగతి.

దానికి ముందు ఒకాయన్ని గుర్తుచేసుకుంటాను. ఆంటోనిన్ లాంగ్‌వైల్ అని, ప్రాగ్ నగరంలో లైబ్రరీలో చిన్న ఉద్యోగి. 1826లో మొదలుపెట్టి 1837లో చనిపోయేదాకా అట్ట కాగితంతో ఆ నగరం చేస్తూనే ఉన్నాడు. 480వ వంతు కొలత. రెండు వేల పైచిలుకు ఇళ్ళు. ఇప్పటికీ అక్కడి నగర మ్యూజియంలో ఉంది. ఆయన గోడల మీది బొమ్మలూ గుర్తులతో పాటు పగిలిన కిటికీ అద్దాలు కూడా వదలకుండా చేశాడు. ఆ తర్వాత నగరంలో కొన్ని పేటలు కూల్చి కొత్తగా కట్టారు. ఆ పాత పేటలు ఎలా ఉండేవో తెలియాలంటే ఇవాళ చూడాల్సింది ఆ కాగితం ఊరే. అందంగా ఉండాలని ఆయన అద్దాలన్నీ బాగుచేసి పెట్టి ఉంటే అది ఎందుకు పనికొచ్చేది?

టీ హోటలు గురించి అందర్నీ అడిగినట్టే మా బెంచీలో నా పక్కన కూర్చున్న మిత్రుణ్ణి కూడా అడిగాను. మిగతావాళ్ళు పునుగులన్నారు, బాయిలరన్నారు, వివిధ భారతి అన్నారు, అప్పుల పుస్తకం అన్నారు. అతను అన్నాడు: ‘పక్క సందు వైపు, చూరు కింద, వాసానికి కొట్టిన మేకులకి రెండు గాజు గ్లాసులు బోర్లించి ఉండేవిరా. మా పేటవాళ్ళకి. మేం తీసుకోవాలి, వాళ్ళు పైనించి పోస్తారు, తాగి మేమే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఒకదాని అంచు పెచ్చు ఊడి ఉండేది. పెదవి తెగకుండా ఏ వైపు నుంచి తాగాలో నాకు ఇప్పటికీ తెలుసు.’

1984 సంగతి ఇది. చట్టం 1955 నుంచీ దాన్ని నేరమంటూనే ఉంది. నేనూ అతనూ అయిదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ హోటల్లో నేను కూర్చునే బెంచీ వీధి వైపు. సందు వైపు నిలబడి టీ తాగాల్సిన అవసరం నాకెన్నడూ పడలేదు. నాకు కనబడని ఆ రెండు గ్లాసులు నేను అడిగిన వాళ్ళలో ఒక్కరికే కనబడ్డాయి.

అవి పెడుతున్నానని తెలిసి కొందరు మిత్రులు, మంచివాళ్ళే, ‘పండగ పూట ఎందుకురా అవన్నీ’ అన్నారు. ఎందుకో నా పద్ధతిలో చెప్పాను. తలనూనె మరక పెట్టాను, ఎవరూ వద్దనలేదు. కిళ్ళీ ఉమ్ము పెట్టాను, మురుగు కాలవ పెట్టాను, ముచ్చటపడ్డారు. ఆవు తిన్న పోస్టరు చూసి చప్పట్లు కొట్టారు. అవన్నీ నిజం కాబట్టి పెట్టాను. ఇదీ నిజమే. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని రెండు గ్లాసులు తీసేస్తే బొమ్మకి వచ్చే లోటు కంటికి తెలియదు, ఒప్పుకుంటాను. ఆ సందులో నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళూ ఈ సంఘం సభ్యులే, ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు.

అయినా సరే, నేనొక్కణ్ణీ తేల్చే విషయం కాదని మళ్ళీ అతన్నే అడిగాను. ‘పెట్టు’ అన్నాడు. కాసేపాగి, ‘కానీ నన్ను అక్కడే నిలబెట్టి వదిలెయ్యకు. ఆ ఏడాది మా నాన్న నాకు పాత సైకిలు కొనిచ్చాడు, డైనమో ఉన్నది. నన్ను సైకిలు మీద పెట్టు. గంట కొట్టగానే అందరికన్నా ముందు గేటు దాటేది నేనే’ అన్నాడు. అది నాకూ గుర్తుంది. కాబట్టి సందులో మనుషులెవరూ లేరు, గ్లాసులు మాత్రమే ఉన్నాయి. ఒకదానికి అంచు గాటు పెట్టాను, భూతద్దంలో చూస్తే కనబడుతుంది. గుంపుకి ముందు, సోడా బండి దాటేసి, సీటు మీంచి లేచి తొక్కుతున్న కుర్రాడు అతను.

ఆ హోటలు యజమాని కొడుకు కూడా మనవాడే. ఇద్దరి అనుమతితోనే ఇది చెబుతున్నాను, పేర్లు వద్దన్నది నా నిర్ణయం. మొన్న బొమ్మని ఇక్కడ దించుతున్నప్పుడు అతను సాయానికి వచ్చాడు. సందు వైపుకి వెళ్ళి వంగి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. గొడవ పడతాడేమో అనుకున్నాను. చివరికి, ‘చూరు ఇంకా కిందికుండేదండీ. అర అడుగు పైనే. పెద్దవాళ్ళు వంగితే గానీ గ్లాసు అందేది కాదు’ అన్నాడు.

నిన్న రాత్రి ఆ వైపు కప్పు విప్పి, వాసాలు కోసి, చూరు 7 మిల్లీమీటర్లు కిందికి దించాను. ఫెవికాల్ ఇంకా పూర్తిగా ఆరలేదు, దయచేసి అటు చెయ్యి పెట్టకండి.

ఇంకా తేలనివి కొన్ని ఉన్నాయి. సైకిలు షాపు ముందు గాలిపంపు గొలుసుతో ఏ గుంజకి కట్టి ఉండేది? గేటు లోపల గంట రైలుపట్టా ముక్కా, గుండ్రటి ఇత్తడిదా, 1984 నాటికి? వేపచెట్టు మొదలుకి కొట్టిన సున్నం పైన కావి గీత ఒకటా రెండా? కిళ్ళీకొట్టు అవతల ఒక చదరం ఖాళీగా వదిలేశాను, అక్కడ ఎవరు కూర్చునేవారో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. బొమ్మ పక్కన అట్టపెట్టె, చీటీలు, పెన్సిలు ఉన్నాయి. మీరు ఎక్కడ నిలబడి చూశారో, ఏ ఏడాదో కూడా రాయండి. లైబ్రరీ గది సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది. భూతద్దం ఒక్కటే ఉంది, చూసినవాళ్ళు వెనకవాళ్ళకి ఇవ్వండి.